బాల్య వివాహాల మీద హైస్కూలు పిల్లలతో పోస్టర్లు చేయించాలి – డిజైన్ ఎక్కణ్నుంచి మొదలుపెట్టి నేర్పాలి?

గ్రంథాలయం_వాలంటీర్ అడిగిన ప్రశ్న

నమస్తే అండీ. మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో 8, 9, 10 తరగతుల పిల్లలు 18 మందికి నాలుగు ఆదివారాలు, రోజుకి మూడేసి గంటలు, గ్రాఫిక్ డిజైన్ నేర్పాలనుకుంటున్నాం. ఉత్తి సాఫ్ట్‌వేర్ క్లాసులా కాకుండా ఊరికి పనికొచ్చే పని చేయించాలని బాల్య వివాహాల అంశం తీసుకున్నాం. పది పరీక్షలు అయిపోగానే పెళ్లిళ్లు కుదిర్చేసే అలవాటు చుట్టుపక్కల ఇంకా ఉంది.

ఉన్నవి: 4 జీబీ ర్యామ్‌తో అయిదు పాత కంప్యూటర్లు, నలుగురైదుగురి దగ్గర ఇంట్లోవాళ్ల ఫోన్లు, ఒక నలుపు-తెలుపు లేజర్ ప్రింటర్. ఇంటర్నెట్ వస్తూ పోతూ ఉంటుంది. డబ్బు ఎక్కువ లేదు. అచ్చుకి వెళ్లేవి రెండు మూడు డిజైన్లే.

నా సందేహాలు ఇవి. ఏ సాఫ్ట్‌వేర్ నేర్పాలి? తెలుగు అక్షరాలు విరిగిపోకుండా ఏం చేయాలి? పిల్లలు నినాదం రాయమంటే ‘బాల్య వివాహాలు నేరం’ దగ్గరే ఆగిపోతున్నారు, దాన్ని ఎలా దాటించాలి? చట్టపరంగా జాగ్రత్తలేమైనా ఉన్నాయా? ఈ పని తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

పోస్టర్‌బడి

మీ మూడో సందేహంతోనే మొదలుపెడతానండీ. అది తేలితే మిగతావి సులువు. మొదటి ఆదివారం కంప్యూటర్లు ఆన్ చేయకండి.

‘బాల్య వివాహాలు నేరం’ అన్న మాట ఎవరితో అంటున్నాం? ఊరందరితో. అందరితో అన్నది ఎవరూ తమతో అన్నట్టు తీసుకోరు. పిల్లలకు ముందు నేర్పాల్సింది ఈ ఒక్క వాక్యం పూర్తి చేయడం: ‘ఫలానా మనిషి, ఫలానా చోట నిలబడి ఇది చూసి, ఫలానా పని చేయాలి.’ ఇది రాయలేని జట్టుకి బొమ్మ గీసే పని ఇవ్వకండి.

ఒక బాల్య వివాహం జరగాలంటే ఎంతమంది చేతులు పడాలో పిల్లలతో బోర్డు మీద రాయించండి. అమ్మానాన్న, మేనమామ, సంబంధం తెచ్చిన పెద్దమనిషి, ముహూర్తం పెట్టిన పురోహితుడు, శుభలేఖ అచ్చువేసిన ప్రెస్సు, ఫంక్షన్ హాలు, టెంట్ హౌస్, వంటమేస్త్రి, బ్యాండు మేళం, ఫోటోగ్రాఫరు, భోజనానికి వెళ్లిన మనం. 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టం జరిపించినవాళ్లను, ప్రోత్సహించినవాళ్లను, హాజరై పాల్గొన్నవాళ్లను కూడా పట్టించుకుంటుంది. రెండేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇంత పట్టిక బోర్డు మీదికి వచ్చాక పిల్లలు తామే దారి కనిపెడతారు. తల్లిదండ్రుల మనసు మార్చే పోస్టరు చేయడం చాలా కష్టం. శుభలేఖల షాపు కౌంటర్ మీద పెట్టే ఏ4 కాగితం తేలిక: ‘అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండినట్టు సర్టిఫికెట్ చూశాకే కార్డు వేస్తాం.’ దాన్ని షాపు యజమాని తన మాటగా పెట్టుకోవచ్చు, వచ్చినవాళ్లతో గొడవపడకుండా వేలు చూపించొచ్చు. ఒక పోస్టరు నిజంగా పనిచేసే చోటు అలాంటిది.

తరవాత పిల్లల్ని ఒక గంట బయటికి పంపండి. ముగ్గురేసి చొప్పున ఆరు జట్లు. బస్టాపు, రేషన్ షాపు, పాలకేంద్రం, పీహెచ్‌సీ, గుడి, పంచాయతీ ఆఫీసు. ఒక్కో చోట మూడు విషయాలు రాసుకురావాలి: జనం గోడకి ఎన్ని అడుగుల దూరంలో నిలబడతారు, ఎంతసేపు ఉంటారు, ఆ గోడ మీద ఇప్పటికే ఏమున్నాయి. రేషన్ షాపు దగ్గర క్యూలో పావుగంట నిలబడతారు కాబట్టి అక్కడ నాలుగు వాక్యాలు ఉన్నా చదువుతారు. రోడ్డు పక్క బండి మీద పోయేవాడికి మూడు మాటలకు మించి చేరవు. ఈ తేడా లెక్చరులో చెబితే ఎక్కదు, కొలిచి వస్తే మరచిపోరు.

రెండో ఆదివారం కూడా కాగితాలే. ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిస్తే ఎనిమిది గళ్లు వస్తాయి. పావుగంటలో ఎనిమిది గళ్లలో ఎనిమిది చిన్న బొమ్మలు, లావు స్కెచ్ పెన్నుతో. పెన్సిలు ఇవ్వకండి, చెరుపుతూ కూర్చుంటారు. మొదటి మూడూ అందరివీ ఒకేలా వస్తాయి: ఏడుస్తున్న పెళ్లికూతురు, సంకెళ్లు, తాళిబొట్టు ఉరితాడు. అయిదో గడి నుంచి కొత్తవి రావడం మొదలవుతుంది. అందుకే ఎనిమిది అంటున్నాను, నాలుగుతో ఆపితే ఆ మూడింట్లో ఒకటే ఎంచుకుంటారు.

ఏడ్చే పెళ్లికూతురి బొమ్మ ఎందుకు వద్దో పిల్లలతో మాట్లాడండి. అది చూసిన తండ్రి ‘నేను అంత దుర్మార్గుణ్ని కాదు, మంచి సంబంధమని చేస్తున్నా’ అనుకుని పక్కకి తిరుగుతాడు. పైగా ఆ అమ్మాయి చేయగలిగింది ఏమీ లేదన్నట్టు చూపిస్తుంది. ఆ వయసు ఆడపిల్ల పోస్టరులో ఉంటే ఏదో చేస్తూ ఉండాలి: హాల్ టికెట్ పట్టుకుని, ఫోన్లో పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 నొక్కుతూ, టీచరుతో మాట్లాడుతూ.

నినాదానికి ఒక కొలత పెట్టండి: ఆరు మాటలు మించకూడదు, ఒక్క క్రియ ఉండాలి, ఆ క్రియ చూసినవాళ్లు చేయగలిగేదై ఉండాలి. ‘అరికడదాం’, ‘నిర్మూలిద్దాం’, ‘అవగాహన కల్పిద్దాం’ – ఈ మూడు మాటలూ క్లాసులో నిషేధించండి. వాటి బదులు ‘అడగండి’, ‘చూడండి’, ‘ఫోన్ చేయండి’, ‘ఆపండి’, ‘చేర్పించండి’ లాంటివి వాడమనండి. ఇంటర్మీడియట్‌లో చేర్పించమనే పోస్టరు కూడా బాల్య వివాహాల మీద పోస్టరే. నిజానికి చాలా ఇళ్లలో అదే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే పది తరవాత ఏం చేయాలో తెలియని ఖాళీలోనే సంబంధాలు చూస్తారు.

ఎప్పుడు అంటించాలన్నది కూడా డిజైనులో భాగమే. మాఘ ఫాల్గుణాలు, మళ్లీ వైశాఖం పెళ్లిళ్ల కాలం. పది పరీక్షలయ్యాక వేసవిలో పోస్టరు పెడితే అప్పటికే లగ్నపత్రికలు రాసేసుకుని ఉంటారు. సంక్రాంతి వెళ్లగానే గోడ మీదికి రావాలి. మీ నాలుగు ఆదివారాల్ని దానికి తగ్గట్టు వెనక్కి లెక్కేసుకోండి.

అక్షరాలపని

పైన చెప్పిన క్రమం సరైనదే. నేను తెలుగు అక్షరాల సంగతి మాత్రం రాస్తాను, ఇక్కడే ఎక్కువ పోస్టర్లు పాడవుతాయి.

సాఫ్ట్‌వేర్: మీ పాత మెషీన్లకి ఇంక్‌స్కేప్ పెట్టండి. ఉచితం, ఇంటర్నెట్ లేకుండా నడుస్తుంది, యూనికోడ్ తెలుగుని (ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతి) సరిగ్గా చూపిస్తుంది. ఫోటో కత్తిరింపులకి జింప్. క్యాన్వా స్కూలు టీచర్లకి, వాళ్ల విద్యార్థులకి ఉచితమే గానీ నెట్ లేనిదే కదలదు, పైగా రెడీమేడ్ టెంప్లేట్లు కనపడగానే పిల్లలు రెండు వారాలు ఆలోచించింది పక్కన పెట్టేస్తారు. ఫోన్లున్న పిల్లలు పిక్సెల్‌ల్యాబ్‌లో వాట్సాప్ బొమ్మలు చేసుకోవచ్చు. ఫోటోషాప్, ఇన్‌డిజైన్ ఎవరైనా తెచ్చినా అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే అక్షరాల పేర్పు సెట్టింగు ఎంచుకోవాలి. లేకపోతే వత్తులు పక్కకి వచ్చి పొల్లుతో విడివిడిగా కూర్చుంటాయి. ‘తెలుగు విరిగిపోవడం’ అని జనం అనేది దీన్నే.

ఫాంట్లు: గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న తెలుగు ఫాంట్లు ఒకసారి దింపుకుని అయిదు మెషీన్లలోనూ అవే పెట్టండి. పెద్ద నినాదానికి రామభద్ర. వివరాలకి మండలి లేదా నోటో సాన్స్ తెలుగు. ఒకే కుటుంబంలో సన్నం నుంచి లావు దాకా కావాలంటే అనెక్ తెలుగు. ఒక పోస్టరుకి రెండు ఫాంట్లకు మించి వద్దు. ఇవన్నీ స్వేచ్ఛగా అచ్చుకి వాడుకోదగ్గ లైసెన్సుతో వచ్చినవే.

అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) నేర్పకండి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అవే నడుస్తున్నాయి, నిజమే. కానీ అందులో కొట్టిన మాటని వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి ఇంగ్లిషు అక్షరాలు వస్తాయి. చూపులేనివాళ్ల ఫోను దాన్ని చదవలేదు, వెతికితే దొరకదు. పిల్లలు మొదటినుంచీ యూనికోడ్‌లోనే పనిచేయాలి.

ఇక కొలతలు. దూరం నుంచి చదవాలంటే పది అడుగులకి ఒక అంగుళం ఎత్తు అక్షరం అన్నది సైన్‌బోర్డులవాళ్ల పాత లెక్క. కానీ ఫాంటు సైజు 72 పాయింట్లు (కొలతకి అంగుళం) పెడితే అంగుళం ఎత్తు ‘క’ వస్తుందనుకోకండి. తెలుగు ఫాంటులో పైన గుడి, కింద వత్తు పట్టడానికి చోటు వదులుతారు కాబట్టి అసలు అక్షరం దాదాపు సగమే ఉంటుంది. ఫాంటుని బట్టి మారుతుంది. అందుకని ఒక కాగితం మీద ‘క’ అచ్చు తీసి స్కేలుతో కొలవమనండి. అంగుళం ఎత్తు కావాలంటే 130 నుంచి 160 పాయింట్ల మధ్య ఎక్కడో తేలుతుంది.

దీని ఫలితం చూడండి. ఏ3 కాగితం నిలువుగా పెడితే వెడల్పు 297 మిల్లీమీటర్లు, అంచులు పోను పదిన్నర అంగుళాలు. అంగుళం ఎత్తు అక్షరాలు వరసకి ఎనిమిది, తొమ్మిది పడతాయి. ‘పద్దెనిమిది నిండాకే పెళ్లి’ ఒక వరసలో పట్టదు. ‘18 నిండాకే పెళ్లి’ పడుతుంది. అంకె అయితే తెలుగు చదవడం రానివాళ్లకి కూడా అందుతుంది.

వరసల మధ్య దూరం అక్షరం సైజుకి 1.3 నుంచి 1.5 రెట్లు. ఇంగ్లిషులాగా దగ్గర చేస్తే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. పోస్టరుకి అయితే ఎదురెదురుగా ఏ అక్షరాలొచ్చాయో చూసుకుని వరస వరసకీ చేత్తో సర్దాలి. పై వరసలో ‘ళ్లి’ ఉన్నచోట కింద ‘కీ’ రాకుండా మాటలు విరవాలి.

చేయకూడనివి: అక్షరాల మధ్య ఎడం పెంచడం, సాఫ్ట్‌వేర్ బోల్డ్ బటను నొక్కి లావు చేయడం, పక్కకి వాల్చడం, చుట్టూ మందపాటి గీత వేయడం. ఆ గీత వల్ల బ-భ, ద-ధ, డ-ఢ, చ-ఛ మధ్య తేడా చూపే చిన్న గీత పూడుకుపోతుంది. ‘బాధ’ అని రాస్తే ‘బాద’ అని కనపడుతుంది. లావు కావాలంటే లావుగా గీసిన ఫాంటే వాడాలి.

మీ పోస్టరులో ‘హెల్ప్‌లైన్’ తప్పకుండా వస్తుంది. మామూలుగా కొడితే ప కింద ల వత్తు చేరి ‘హెల్ప్లైన్’ అయిపోతుంది. పొల్లు తరవాత జడ్‌డబ్ల్యుఎన్‌జే అనే కనిపించని అక్షరం పెట్టాలి. ఇంక్‌స్కేప్‌లో కంట్రోల్-యు నొక్కి 200సి కొట్టి ఎంటర్ చేస్తే వస్తుంది. ‘ఫోన్‌కాల్’, ‘వాట్సాప్‌లో’ కూడా ఇదే జబ్బు.

అచ్చుకి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ సేవ్ చేసే డబ్బాలో అక్షరాలను పాత్‌లుగా, అంటే గీసిన బొమ్మలుగా, మార్చమని ఉంటుంది, అది టిక్ పెట్టండి. దిద్దుకోవడానికి అసలు ఇంక్‌స్కేప్ ఫైలు వేరుగా దాచుకోండి, పాత్‌లైన అక్షరాలు మళ్లీ దిద్దలేరు. ప్రెస్సులో ‘మా ఫాంటులో కొట్టి ఇస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. మళ్లీ టైపు చేసిన ప్రతిసారీ కొత్త తప్పులు చేరతాయి, ఫోను నంబరులో ఒక అంకె తేడా వచ్చినా పోస్టరు వృథా.

గ్రంథాలయం_వాలంటీర్

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండీ. శుభలేఖల షాపు ఆలోచన నాకు తట్టనే లేదు.

ఇంకో మూడు అడుగుతాను. పిల్లలు గూగుల్లో దొరికిన ఫోటోలు, సినిమా హీరోల బొమ్మలు పెడతామంటున్నారు. రంగు అచ్చు మా వల్ల కాదు, నలుపు-తెలుపులోనే బాగా రావాలంటే ఎలా? మా ఊళ్లోనే జరిగిన సంగతి పేరు లేకుండా రాయొచ్చా అని ఒక పాప అడిగింది, ఏం చెప్పాలి?

సురక్ష_1098

చివరి ప్రశ్నకి ముందు జవాబు: వద్దండీ. పేరు లేకపోయినా ‘మన ఊళ్లో, ఫలానా క్లాసు అమ్మాయి’ అంటే చిన్న ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షను చెబుతుంది. లైంగిక నేరం కోణం ఉంటే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 23వ సెక్షను కూడా వర్తిస్తుంది. పేరు ఒక్కటే కాదు, ఊరు, బడి, కుటుంబం, ఫోటో, ఆనవాలు పట్టించే ఏ వివరమైనా గుర్తింపే. బొమ్మలో నిజమైన పిల్లల ముఖాలు ఉండకూడదు. మీ క్లాసు పిల్లల్నే మోడళ్లుగా ఫోటో తీయడం కూడా మానుకోండి, రేపు ఆ అమ్మాయికే పెళ్లవుతోందని పుకారు పుడుతుంది. చేతులు, పుస్తకాల సంచి, హాల్ టికెట్, పెళ్లి పందిరి, ఖాళీ బెంచీ – ఇలా వస్తువులతో చెప్పమనండి.

దీనికంటే ముఖ్యమైంది ఒకటుంది. ఈ అంశం మీద క్లాసు పెడితే ఎవరో ఒకరు ‘మా అక్కకి కుదిరింది’, ‘నాకే చూస్తున్నారు’ అని చెప్పే అవకాశం చాలా ఎక్కువ. మొదటి రోజుకి ముందే పెద్దలు సిద్ధంగా ఉండాలి. ఎవరు విన్నా అందరి ముందూ వివరాలు అడగకూడదు. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. అలా విన్నప్పుడు 1098కి పెద్దవాళ్లే ఫోన్ చేయాలి. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే అత్యవసర నంబరు 112. అంగన్‌వాడీ టీచరు ద్వారా ఐసీడీఎస్ సీడీపీఓకి (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) చెప్పొచ్చు. పెళ్లి ఇంకా జరగకముందే అయితే కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకునే వీలు బాల్య వివాహ నిషేధ చట్టం 13వ సెక్షనులో ఉంది. జరిగిపోయినా చిన్నప్పుడు పెళ్లయిన వ్యక్తి మేజరయ్యాక రెండేళ్లలోపు రద్దు కోరవచ్చు. పిల్లలు తామే వెళ్లి పెళ్లి ఆపబోకూడదు, ఇది వాళ్లకి గట్టిగా చెప్పండి.

పోస్టరు మీద పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు వేయకండి. కింద ‘శాఖా గ్రంథాలయం బాలల బృందం’ అంటే చాలు. ఇంట్లో ఎవరి పిల్ల గీసిందో తెలిసి గొడవ రాకుండా ఉంటుంది.

ఇంకో సంగతి, పిల్లలకి మూడు సింహాల ముద్ర, ప్రభుత్వ లోగోలు, యునిసెఫ్ గుర్తు పెడితే పోస్టరుకి బలం వస్తుందనిపిస్తుంది. రాజముద్ర అనధికారంగా వాడటాన్ని 2005 చట్టం నిషేధిస్తుంది. సంస్థల లోగోలకి వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి. సినిమా స్టిల్సు, హీరోల ముఖాలు నిర్మాతల, నటుల హక్కులకి సంబంధించినవి. పైగా ఆ హీరో అంటే పడనివాళ్లు పోస్టరు చింపుతారు. గూగుల్ బొమ్మలు ‘ఉచితంగా కనిపించడం’ వేరు, వాడుకునే హక్కు ఉండటం వేరు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (షరతులతో వాడుకోనిచ్చే అనుమతి) ఉన్నవైనా ఆ షరతు చదివి, పేరు పెట్టమంటే పెట్టాలి. పిల్లలు తామే గీసుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

గోడరాత

రంగుల గురించి ఎవరూ అనలేదు కాబట్టి చెబుతున్నా. మన రెండు రాష్ట్రాల్లో రంగు వేస్తే పార్టీ పేరు రాసినట్టే. పసుపు ఎక్కువైతే తెలుగుదేశం, గులాబీ అయితే బీఆర్ఎస్, కాషాయం బీజేపీ, ఎరుపు కమ్యూనిస్టులు, నీలం-తెలుపు-ఆకుపచ్చ కలిస్తే వైసీపీ, ఎరుపు-తెలుపు పక్కపక్కన జనసేన, మువ్వన్నెలు కాంగ్రెస్. పసుపు మీద నలుపు దూరానికి అన్నిటికంటే బాగా కనిపిస్తుందని డిజైన్ పుస్తకాలు చెబుతాయి, ఆంధ్రాలో ఊరి గోడ మీద అది పార్టీ పోస్టరు అయిపోతుంది. తెల్ల కాగితం, నల్ల అక్షరం, ఒక్క చోట ఇటుక రంగు లేదా ముదురు ఆకుపచ్చ. చాలు. ఎన్నికల కోడ్ నడుస్తున్నప్పుడు అసలు అంటించకండి.

మీకు నలుపు-తెలుపు మాత్రమే ఉండటం నిజానికి మేలు. 1968 మేలో పారిస్‌లో విద్యార్థులు, కార్మికులు తిరగబడినప్పుడు బోజార్ కళాశాల విద్యార్థులు అటెలియే పాపులేర్ (ప్రజల కార్ఖానా) పేరుతో వేసిన పోస్టర్లు చాలావరకు ఒకే రంగు సిరాతో స్క్రీన్ ప్రింట్ చేసినవే. ఎవరూ సంతకం పెట్టలేదు. ఏది అచ్చు వేయాలో అందరూ కూర్చుని ‘ఈ మాట న్యాయమైనదేనా, బొమ్మ దాన్ని సరిగ్గా చెబుతోందా’ అని చర్చించి తేల్చేవాళ్లు. మీ పిల్లలతోనూ అలాగే చేయించండి: చిత్తుప్రతులన్నీ గోడకి పెట్టి, ఎవరిదేదో చెప్పకుండా ఆ రెండే ప్రశ్నలు. ‘బాగుంది’, ‘బాగాలేదు’ అనే మాటలు చెల్లవు. ‘ఎవరికి చెబుతోంది? ఏం చేయమంటోంది?’ అన్నదానికి జవాబు పోస్టరులోంచి చూపించాలి.

లేజర్ ప్రింటరు లెక్కలు: అంచున నాలుగైదు మిల్లీమీటర్లు అచ్చు పడదు కాబట్టి కాగితం చివరిదాకా నలుపు పోయకండి. పెద్ద నల్ల ముద్దలు మరకలు మరకలుగా వస్తాయి, సిరా కూడా తినేస్తుంది. వాటి బదులు ఒక మిల్లీమీటరు గీతలు దగ్గరగా గీయడం, లేకపోతే బొమ్మని తెల్లగానే వదిలి చుట్టూ లావు గీత. ఫోటో పెట్టాలంటే జింప్‌లో పూర్తి నలుపు, పూర్తి తెలుపు రెండే మిగిలేట్టు మార్చండి, బూడిద రంగు జిరాక్సులో మాయమవుతుంది. ఏ4 ప్రింటరుతో పెద్ద పోస్టరు కావాలంటే నాలుగు ఏ4లు కలిపి ఏ2 చేయొచ్చు. అతుకు నినాదం మధ్యలోంచి, ముఖం మధ్యలోంచి వెళ్లకుండా ముందే చూసుకోవాలి.

ఫ్లెక్సీ జోలికి పోవద్దు. ప్లాస్టిక్, పైగా నెల తిరక్కుండా ఏ పందిరికో కప్పేస్తారు.

గోడ దొరికితే గోడే రాయండి. ఇంటి యజమాని అనుమతి కాగితం మీద తీసుకోండి, పంచాయతీ గోడైతే సర్పంచ్, కార్యదర్శి ఇద్దరిదీ. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో బహిరంగ ప్రదేశాల్ని పాడుచేయకూడదని వచ్చిన చట్టం ఉంది కాబట్టి నోటిమాట సరిపోదు. ఆరడుగులు బై నాలుగడుగులు సరిపడా జాగా. పాత పెచ్చులు గీకి, రెండు పూతల సున్నం, ఒక రోజు ఆరనివ్వాలి. తడి మీద రాస్తే రంగు ఊడొస్తుంది. దారానికి నీలిమందు పట్టించి ఇద్దరు రెండు కొసలా లాగి పట్టి వదిలితే తిన్నని గీత పడుతుంది. కాగితం మీద అంగుళం గళ్లు, గోడ మీద అడుగు గళ్లు, గడికి గడి చూసి దించడమే. పెద్ద బొమ్మ చూసి బెదిరే పిల్లలు కూడా గళ్లుంటే చక్కగా దించుతారు. డిస్టెంపరు ఒక వానాకాలం ఆగుతుంది, బయటి గోడల ఎమల్షన్ అయితే ఇంకా ఎక్కువ.

అక్షరాలపని

గోడరాత గారు చెప్పిన దానికి ఒక చేర్పు. ఒకే మాట పది చోట్ల వేయాలంటే స్టెన్సిల్ (అక్షరాల ఆకారంలో కంతలున్న రేకు) కోయండి. పాత ఎక్స్-రే ఫిల్ము గానీ ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) గానీ బాగుంటుంది, చార్ట్ పేపరు రెండు మూడు సార్లకే నానిపోతుంది. తెలుగులో ర, ఠ, సున్నా లాంటి మూసుకున్న గుండ్రాలు కోస్తే లోపలి ముక్క ఊడి పడిపోతుంది, అందుకని ఒక్కోదానికి రెండు వైపులా నాలుగైదు మిల్లీమీటర్ల వంతెన వదలాలి. వత్తులు అసలు అక్షరానికి తగలకుండా విడిగా ఉండాలి. ముందు లోపలి చిన్న కంతలు, ఆఖరున బయటి గీత. వరస మార్చితే ఫిల్ము వదులై చిరుగుతుంది. బ్లేడు పని పెద్దవాళ్లు చేయాలి. రంగు స్పాంజికి అద్ది, పాత పేపరు మీద రెండుసార్లు నొక్కి దాదాపు పొడిగా అయ్యాక తట్టాలి. రుద్దితే, ఎక్కువ తడిగా ఉంటే అంచుల కిందికి పాకుతుంది.

పోస్టర్‌బడి

నాలుగో ఆదివారం మొత్తం పరీక్షకే ఉంచుకోండి, అచ్చు ఆ తరవాతే. లేజర్‌లో ఒక్కో కాపీ తీసి పిల్లలు మొదటి వారం కొలిచి వచ్చిన చోటికే మళ్లీ వెళ్లాలి. అనుకున్న దూరంలో పట్టుకుని అయిదు సెకన్లు చూపించి, వెనక్కి తిప్పి, రెండే అడగాలి: ‘ఇది ఎవరికి చెబుతోంది? ఏం చేయమంటోంది?’ ఒక్కో పోస్టరుకి పదిమంది. ఆ పదిమందిలో చదవడం రానివాళ్లు కనీసం ముగ్గురుండాలి, వాళ్లకి అక్షరాలు మూసి బొమ్మ ఒక్కటే చూపించాలి. జవాబు వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి, సర్దకూడదు. పదిలో ఏడుగురు సరిగ్గా చెప్పకపోతే దిద్దాలి. చాలాసార్లు దిద్దాల్సింది బొమ్మ కాదు, క్రియ. జనం వాడిన మాట పోస్టరులో ఉన్నదానికంటే బాగుంటే ఆ మాటే తీసుకోండి.

పోస్టరు ఒక్కటీ ఊరికే అంటించి రాకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద కదిలిన ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదివినవాళ్లు. చదివిన పాఠం గురించి కలిసి మాట్లాడుకున్నారు, తరవాత సారా దుకాణం దగ్గరికి నడిచారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా ఆగింది. మీ పోస్టరు కూడా ఒక సమావేశానికి పిలుపో, ఒక విజ్ఞప్తికి తోడో కావాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, పది పాసైన అమ్మాయిలకి దగ్గరలో హాస్టల్ సీట్లు, కాలేజీ వేళకి బస్సు కావాలని పిల్లల తల్లులు అర్జీ ఇస్తుంటే, అదే మాట పోస్టరుగా బస్టాపులో ఉండాలి. శుభలేఖల షాపులు, ఫంక్షన్ హాళ్లు ఎన్ని మీ కాగితం కౌంటరు మీద పెట్టుకున్నాయో నెల తరవాత పిల్లలే తిరిగి లెక్కపెట్టాలి. తీసేసిన చోట ఎందుకు తీశారో మర్యాదగా అడిగి రాసుకోవాలి.

వాట్సాప్‌లో పంపేది వేరే ఫైలు. 1080 బై 1080 పిక్సెళ్లు, స్టేటస్‌కైతే 1080 బై 1920. ఏ3 పోస్టరునే కుదించి పంపితే వివరాలు చదవలేరు, అందులోంచి నినాదం, 1098 మాత్రమే తీసుకుని కొత్తగా పేర్చాలి. అచ్చు ఫైలు ప్రెస్సుకి పంపేటప్పుడు ఫోటోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి. బొమ్మ కింద అదే విషయం టైపు చేసి కూడా పెట్టండి, చూపులేనివాళ్ల ఫోను చదివి వినిపిస్తుంది.

గ్రంథాలయం_వాలంటీర్

మా వీధిలో శుభలేఖల షాపాయనతో మాట్లాడానండీ. కౌంటర్ మీద పెట్టడానికి ఒప్పుకున్నారు, కానీ ‘సర్టిఫికెట్ చూశాకే’ అంటే బేరం పోతుందేమో అంటున్నారు. మాట మార్చమంటే పిల్లలతో ఏమని మార్పించాలి?

పోస్టర్‌బడి

ఆయన్ని తీర్పరిని చేయకుండా, అందరికీ వర్తించే షాపు పద్ధతిగా రాయించండి: ‘కార్డు ఆర్డరుకి ఇద్దరి పదో తరగతి మార్కుల మెమో లేదా ఆధార్ జిరాక్సు తీసుకురండి.’ కింద చిన్న అక్షరాల్లో ‘అమ్మాయికి 18, అబ్బాయికి 21 – చట్టం’. మెమోలో పుట్టిన తేదీ ఉంటుంది కాబట్టి అది మొదట రాయండి. ఊళ్లో రెండు మూడు షాపులుంటే అందరూ ఒకే రోజు పెట్టేట్టు మాట్లాడండి, అప్పుడు బేరం పక్క షాపుకి పోతుందన్న భయం ఉండదు. ఆ షాపుల మధ్య తిరిగి ఒప్పించే పని కూడా పెద్దవాళ్ల తోడుతో పిల్లలకే అప్పగించండి. కాగితం ఏ5 చాలు, ల్యామినేషన్ చేయించి నిలబెట్టే స్టాండు ఇవ్వండి, బల్ల మీద పడుకోబెడితే దాని మీద శాంపిల్ కార్డులు పెట్టేస్తారు.